మా ఇంటి బోసి కుర్చీలు

బందరులో మా అత్తవారింట్లో కుర్చీలకు కొదవ లేదు, కూర్చోవడానికే చోటు లేదు. గుడివాడ నుంచి నేను కాపరానికి వచ్చిన రోజున వీధి అరుగు మీదా, సావిట్లోనూ, ఆఖరికి వంటింటి వసారాలో కూడా మంచాలూ, కుర్చీలూ, బల్లలూ పేర్చి ఉన్నాయి. రైలు పెట్టెలో సామాన్ల మధ్య ఒదిగి వచ్చినదాన్నేమో, నడుం పట్టేసింది. ఎవరూ చూడటం లేదు కదా అని సావిట్లో ఒక కుర్చీలో కూలబడ్డాను. దాని వీపున రెండు చిలకలు, మధ్యన తామరపువ్వు. ఆ పువ్వు నా వీపులో గుచ్చుకుంటున్నా ప్రాణానికి హాయిగానే ఉంది.

"లేమ్మా, లే! ముందు లే!" అని కేక వినిపించింది. మా మావగారు. తేలో జెర్రో అనుకుని ఎగిరి అవతల పడ్డాను.

"అది ముదినేపల్లి వాళ్ళదమ్మా," అన్నారాయన, పైగుడ్డతో కుర్చీని తుడుస్తూ. "వాళ్ళింకా కూర్చోలేదు."

ఆ మధ్యాహ్నమే దాని మీది చెక్క ఊడదీసి కొత్తది వేశారు. నన్ను పల్లెత్తు మాట అనలేదు. "తెలియని పిల్ల" అని మా అత్తగారితో అన్నారు, అంతే. అంతకంటే తిట్టినా బాగుండేది. నేను కూర్చున్నందుకు చెక్క మార్చారంటే నాకు తల కొట్టేసినట్లయింది. ఆ పూట అన్నం సయించలేదు.

ఆ ఇంటి పద్ధతి నాకు మెల్లిగా తెలిసింది. అమ్మకానికి చేసిన ఆసనం మీద మొదట కొన్నవాళ్ళే కూర్చోవాలి. ఇంట్లోవాళ్ళు ముందు కూర్చుంటే అది ఎంగిలి. ఇక చేసినవాడైతే తన చేతిపని మీద ఎప్పటికీ కూర్చోకూడదు, అది అమ్మేదైనా సరే, ఇంట్లో వాడుకునేదైనా సరే. తను చేసిన పనినే కింద వేసుకుని పైన కూర్చోవడం పనికి అవమానమట. తాతల నాటి నుంచీ అదే వరస. ఊరందరికీ పందిరి మంచాలు చేసిన మా మావగారు పడుకునేది తుంగచాప మీద. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అంటారే, అచ్చం అలాగే ఉండేది మా సంసారం.

మా పుట్టింట్లో ఇలాంటి పట్టింపు లేదు. మా నాన్నది బంగారప్పని. జూకాలు చేస్తే ముందు మా అమ్మ చెవులకు పెట్టి, అటు తిరుగు, ఇటు తిరుగు అని చూసుకుని, బరువుగా ఉన్నాయా అని అడిగి, తుడిచి అప్పుడు పెట్టెలో పెట్టేవాడు. "మా బంగారానికి లేని ఎంగిలి మీ చెక్కకి వచ్చిందా?" అని మా ఆయన్ని ఒకసారి అడిగాను.

"ఆ మాటేదో నాన్నతోనే అను," అన్నారు. అన్నంత తేలికైతే నేను ఊరుకుంటానా!

మా ఆయన కుర్చీల గురించి ఇప్పుడు చాలామంది చాలా చెబుతారు. యుద్ధం రోజుల్లో రంగూను టేకు ఓడలు ఆగిపోయి, చెక్కడపు పని దుకాణాలు ఒక్కొక్కటే మూతపడుతుంటే మా ఆయన పెట్టిన కార్ఖానా తుమ్మచెక్కతో, మామిడిచెక్కతో నెట్టుకొచ్చింది. చిలకలకు దళసరి కలప కావాలి, ఏ చెక్కడమూ లేని బోసి కుర్చీకి సన్నటి బద్దలు చాలు. కృత్తివెన్ను బడిలో పిల్లల బల్లల నుంచి గుడివాడ ప్లీడర్ల గదుల్లో కుర్చీల దాకా మావే. పట్నం నుంచి వచ్చిన పెద్దమనుషులు వాటి చుట్టూ తిరిగి, ఇదీ ఆధునికం అంటే, అని మెచ్చుకునేవాళ్ళు. అదంతా నిజమే. కానీ ఆ కార్ఖానాకి పురిట్లోనే ప్రాణం మీదికొచ్చింది. ఆ సంగతి ఇంట్లో వాళ్ళకు తప్ప ఎవరికీ తెలియదు, ఆ ఇంట్లో వాళ్ళలో ఇప్పుడు నేనే మిగిలాను.

మా మావగారి ఉలికి ఈ చుట్టుపక్కల పేరుండేది. ఆయన చెక్కిన లతని చూస్తే తుమ్మెద వచ్చి వాలుతుందేమో అనిపించేది. మంచాల బేరాలు లేని రోజుల్లో పెడన అద్దకంవాళ్ళకు అచ్చులు చెక్కేవారు. ఉలి చేతిలో లేనప్పుడు ఏం చెయ్యాలో తోచక అరుగు మీద అటూ ఇటూ తిరిగేవారు. మా ఆయన తండ్రి దగ్గరే పని నేర్చుకుని, తర్వాత మద్రాసు వెళ్ళి దొరల ఫర్నిచర్ కంపెనీలో కొన్నాళ్ళు చేసి వచ్చారు. అక్కడ సీమ పత్రికల్లో కుర్చీల బొమ్మలు చూశారు. వాటికి చిలకల్లేవు, పువ్వుల్లేవు, గీత గీసినట్లు తిన్నగా ఉన్నాయి. అంతే, ఇక ఆయనకు అదే లోకం.

"కుర్చీకి చిలకెందుకే? దాని మీద కూర్చునేది మనిషి కదా!" అనేవారు నాతో. తండ్రి ఎదట మాత్రం నోరు పెగిలేది కాదు. నోరు పెగలదు గానీ పట్టు వదలరు. పెరట్లో తాటాకు పాకలో ఆ బొమ్మలు గోడకు అంటించుకుని, సొంతంగా కుర్చీలు చెయ్యడం మొదలుపెట్టారు. తండ్రి ముందు సావిట్లో, కొడుకు వెనక పాకలో. ఎవరు పట్టిన కుందేటికి వాళ్ళు మూడే కాళ్ళంటారు, మధ్యలో మజ్జిగ గ్లాసులు అటూ ఇటూ మొయ్యలేక నేను చచ్చేదాన్ని.

వీధిలోవాళ్ళు ఆ కుర్చీలకు బోసి కుర్చీలని పేరు పెట్టారు. "ఏం బావా, నగలన్నీ తాకట్టు పెట్టావా, కుర్చీ మెడ బోసిగా ఉందే?" అని దారినపోయేవాడల్లా ఒక రాయి విసిరేవాడు. నిజం చెప్పొద్దూ, మొదట్లో నాకూ అలాగే అనిపించింది. నగలు చేసే ఇంట్లో పుట్టినదాన్ని, బోసితనం నాకు ఎక్కడ రుచిస్తుంది? కానీ ఒకరోజు పొద్దున పాక ఊడవడానికి వెళ్ళినప్పుడు, పాలిష్ ఆరుతున్న కుర్చీ వీపు మీద ఎండ పడి ఉంది. టేకులో చారలు నీటి మీద అలల్లా కనిపించాయి. ఇన్నాళ్ళూ ఆ చారల్ని చిలకల కింద కప్పెట్టాం కదా అనుకున్నాను. ఆ రోజు నుంచి నేను మా ఆయన పార్టీ.

ఒకరోజు మా మావగారే కొడుకుని పిలిచారు. "రెండు పడవల మీద కాళ్ళు పెట్టి ఎన్నాళ్ళు నడుపుతావురా? ఒక్క బేరం చూసుకో. వాళ్ళు తీసుకుని వాడుకుంటే నీ దారిన నువ్వు వెళ్ళు, నేను అడ్డం రాను. వెనక్కొస్తే మాత్రం పాక మూసేసి, వచ్చి నా పక్కన ఉలి పట్టు."

మా ఆయన సరేనన్నారు. ఆయనకు అంతకంటే ఇంకేం కావాలి? ఉలి పట్టడం ఆయనకు చేతకాక కాదు. తన మనసులో పుట్టినది ఒక్కటైనా లోకంలో నిలబడాలని ఆరాటం. అది నిలబడకపోతే ఆ మనిషి ఎలా ఉంటాడో నాకు తెలుసు, నాకు భయం వేసింది.

అదృష్టమో దురదృష్టమో, అప్పుడే అవనిగడ్డలో గ్రంథాలయం పెట్టారు. దాని కార్యదర్శి ఒక బడిపంతులుగారు. నదికి అవతల దివిసీమ నుంచి పడవెక్కి వచ్చి, పాకలో కుర్చీ చూసి మురిసిపోయారు. "చదువుకునే చోట ఆడంబరం ఎందుకండీ? ఇవే కావాలి," అన్నారు. మా ఆయన రేయింబవళ్ళు పనిచేశారు. బొమ్మలో ఉన్నట్లే ఎత్తైన కాళ్ళు, ఇరుకైన పీట, రెండు వైపులా దగ్గరగా చేతులు. పీటకీ కాలికీ మధ్య వెంట్రుక దూరని అతుకు. తడిగుడ్డతో తుడిచి, గడ్డి చుట్టి, బండి మీద రేవుకి పంపాం. ఒక్కరం, ఒక్కరమంటే ఒక్కరం వాటి మీద కూర్చుని చూడలేదు. మా ఆయన మద్రాసులో క్రాపు కత్తిరించుకున్నారు, హోటల్లో కాఫీ తాగారు, ఇంటి ఆచారాలు సగం గాలికి వదిలేశారు. ఈ ఒక్క విషయంలో మాత్రం తండ్రికి అచ్చు పోసిన కొడుకు. కూర్చుని చూడాలన్న ఆలోచనే ఆయన బుర్రలోకి రాలేదు. పాత మంచాలకూ కుర్చీలకూ కొలతలు తాతలు తేల్చి పెట్టారు, కూర్చుని చూడకపోయినా చెల్లింది. కొత్తదానికి కొలత ఎవరు తేల్చాలి?

పదిహేను రోజులు తిరక్కుండానే కుర్చీలు వెనక్కొచ్చాయి. బండితో పాటు పంతులుగారు కూడా వచ్చారు, పాపం, మొహం వేలాడేసుకుని. గ్రంథాలయం తెరిచిన రోజున ఆ ఊరి పెద్దరైతు ఒకాయన్ని అధ్యక్షుడిగా కూర్చోబెట్టారట. ఆయన కాసేపు కాళ్ళు కిందికి వేలాడేసి కూర్చున్నాడు, తిమ్మిరెక్కాయి. మనవాళ్ళ అలవాటు కొద్దీ రెండు కాళ్ళూ పైకి లాక్కుని బాసింపట్టు వేసుకున్నాడు. మోకాళ్ళు కుర్చీ చేతుల కింద ఇరుక్కున్నాయి. నాలుగు మాటలు చెప్పండి అని పిలిస్తే లేచాడు, ఆయనతో పాటు కుర్చీ కూడా లేచింది. సభంతా గొల్లుమంది. ఆ తర్వాత పేపరు చదవడానికి వచ్చినవాళ్ళంతా కుర్చీలు వదిలేసి గోడవారగా నేల మీదే కూర్చుంటున్నారట.

"జనం మంచివాళ్ళేనండీ," అన్నారు పంతులుగారు. "కాళ్ళు కింద పెట్టి చదవలేరు, అంతే. చూడ్డానికి మాత్రం చాలా బాగున్నాయండీ."

చూడ్డానికి అన్న ఆ ఒక్క మాటా మా ఆయన్ని కోసేసింది. మా మావగారు గెలిచానని మీసం దువ్వలేదు. పంతులుగారికి మంచినీళ్ళు ఇప్పించి, బండివాడికి అన్నం పెట్టించి, లోపలికి వెళ్ళిపోయారు. మర్నాడు పొద్దున చూస్తే మా ఆయన, తండ్రి పక్కన చాప మీద కూర్చుని చిలక చెక్కుతున్నారు. మాట ఇచ్చారు కదా.

ఆ చిలకలు బ్రహ్మాండంగా వచ్చాయి. అదే నా ఏడుపు. చెయ్యి పనిచేస్తోంది, మనిషి లేడు. అన్నం పెడితే తింటారు, పెట్టకపోతే అడగరు. అంతకుముందు చెక్కల గురించి చెప్పి చెప్పి నా చెవులు తినేసేవారు, ఇప్పుడు ఇంట్లో ఉలి చప్పుడు తప్ప మరేమీ లేదు. నాకు ఒళ్ళు మండింది. మా మావగారి మీదా, ఎదురుచెప్పని మా ఆయన మీదా, కుర్చీలో ఇరుక్కున్న ఆ అధ్యక్షుడి మీదా, అందరి మీదా. వెనక్కొచ్చిన కుర్చీలు పెరట్లో గడ్డితో సహా అలాగే పడి ఉన్నాయి. నీళ్ళకి వెళ్ళి వచ్చినప్పుడల్లా వాటి పక్కనుంచే నడవాలి.

ఒకరోజు పట్టపగలు, తండ్రీకొడుకులు సావిట్లో పని చేసుకుంటూ ఉండగా, ఒక కుర్చీని ఈడ్చుకొచ్చి వాళ్ళ ముందు పెట్టాను. ఆ రోజుల్లో కోడలు మావగారి ఎదట నిలబడి మాట్లాడటమే ఎక్కువ. నాకు ఆ పూట అదేమీ గుర్తులేదు.

"ఈ కుర్చీలు ఎవరివండీ మావయ్యగారూ?"

"అవనిగడ్డ వాళ్ళవి," అన్నారు తలెత్తకుండా.

"వాళ్ళు వద్దన్నారు కదండీ."

"అయితే ఇక ఎవరివీ కావు."

"ఇంకొకళ్ళకి అమ్ముతామా అండీ?"

"ఒకళ్ళు కూర్చుని ఎంగిలి చేసినవి ఎట్లా అమ్ముతావమ్మా? పొయ్యిలోకి పనికొస్తాయి."

"అయితే నేను కూర్చుంటున్నానండీ," అని కూర్చున్నాను.

ఆయన ఉలి ఆగింది. ఆయన పద్ధతి ప్రకారమే కూర్చున్నాను, ఏమంటారు? మా ఆయన మాత్రం గుడ్లు మిటకరించి చూస్తున్నారు. నేను రెండు కాళ్ళూ పైకి లాక్కుని బాసింపట్టు వేశాను. అచ్చం ఆ అధ్యక్షుడిలాగే ఇరుక్కుపోయాను. లేవబోతే కుర్చీ నాతో వస్తోంది. వంటింటి గుమ్మంలోంచి చూస్తున్న మా అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. నన్ను విడదీయడానికి వచ్చి, ఇంకా నవ్వుతూనే, "ఏదీ, నన్ను చూడనీ," అని తనూ ఎక్కి కూర్చుంది.

కూర్చోగానే ఆవిడ నవ్వు ఆగిపోయింది. చేతులు కుర్చీ చేతుల మీద పెట్టి, వీపు వెనక్కి ఆన్చి, కాసేపు అలాగే ఉండిపోయింది. ఆవిడ బతుకంతా కుర్చీల మధ్యే గడిచింది, కుర్చీలో కూర్చోవడం అదే మొదలు. "పీట ఎత్తుగా ఉందిరా," అంది కొడుకుతో, "కాళ్ళు అందటం లేదు. నడుముకి మాత్రం హాయిగా ఉంది." మా ఆయన సుద్దముక్క తీసుకుని లేచి వచ్చారు. అన్ని రోజుల తర్వాత ఆయన కళ్ళల్లో మనిషి కనిపించాడు. నాకు గుండె నిండిపోయింది.

ఇక అక్కడి నుంచి మా పెరడు తిరనాళ్ళయింది. సావిట్లో పని ముగించి, సాయంత్రాలు ఆయన పాకలో చేరేవారు. తండ్రి ఆపలేదు, ఆ వైపు తొంగి కూడా చూడలేదు. చేసినవాడు కాబట్టి ఆయన కూర్చోకూడదు, మేము కూర్చుని చెప్పాలి. వీధిలో ఆడవాళ్ళందరినీ పిలిచాను. సన్నటావిడ, లావుపాటావిడ, నెలలు నిండినావిడ, ఒళ్ళో పిల్లని పెట్టుకున్నావిడ. ఇక్కడ తొడ ఒత్తుకుంటోందని ఒకరు, ఇక్కడ మోకాలు తగుల్తోందని ఒకరు. ఆయన అక్కడల్లా సుద్దతో గీత గీసుకునేవారు. చేతులు ఊడదీశారు. పీట వెడల్పు చేశారు, మోకాళ్ళు రెండూ మడిచినా బయటికి రానంత. కాళ్ళు కోసి ఎత్తు తగ్గించారు. కాళ్ళు దించుకునేవాళ్ళకు పాదం ఆనడానికి కింద ఒక బద్ద వేశారు. సీమ పత్రికలో బొమ్మ గోడ మీద అలాగే ఉంది గానీ దానివంక చూడటం మానేశారు. ఆ కుర్చీ ఇప్పుడు ఎవరి దగ్గరా చూసి చేసినట్లు లేదు.

కొలతలన్నీ తేలాక, మంచి చెక్క ఏరి, ఒకే ఒక్క కొత్త కుర్చీ చేశారు. ఒకనాడు పొద్దున దాన్ని తెచ్చి పెరట్లో తండ్రి ముందు పెట్టారు. ఆయన అప్పుడే పళ్ళు తోముకుని వస్తున్నారు. మా అత్తగారూ నేనూ వంటింటి గుమ్మంలో నిలబడ్డాం.

"ఇది ఎవరికీ అమ్మేది కాదు నాన్నా, మీ కోసం చేశాను," అన్నారు మా ఆయన. "మీరొక్కసారి కూర్చోండి. బాగాలేదంటే ఇక ఈ పని ఎత్తను. ఆ పాక పీకేస్తాను."

మా మావగారు కుర్చీ చుట్టూ ఒకసారి తిరిగారు. వీపు బద్దల మీద బొటనవేలు పెట్టి కింది దాకా రాశారు. వంగి, పీట కింద అతుకు దగ్గర తడిమి చూశారు. లేచి నిలబడ్డారు.

"నేను కూర్చోను," అన్నారు.

అయిపోయింది అనుకున్నాను. మా అత్తగారు నా చెయ్యి పట్టుకుంది.

"ఎంగిలి అవుతుందనా? ఇంటికోసం చేసిందే కదా!" అన్నారు మా ఆయన. తండ్రికి ఎదురు మాట్లాడటం నేను వినడం అదే మొదటిసారి. "చేసింది నేను, మీరు కాదు. మీరు ఆ పాకలోకి తొంగైనా చూడలేదు. మీ చెయ్యి దీని మీద పడలేదు. కూర్చోడానికి మీకేమిటి అడ్డం?"

"నా చెయ్యి పడలేదా?" అన్నారు మా మావగారు. గట్టిగా అనలేదు. "చిత్రిక పట్టడం నీకెవరు నేర్పార్రా? ఈ అతుకెవరిది? మా నాన్న నాకు నేర్పింది, నేను నీకు నేర్పింది. చిలకలు తీసేశావు, బాగానే ఉంది. అతుకు తీసేశావా? ఇది నా పని కూడా. నా పని మీద నన్ను ఎట్లా కూర్చోమంటావు?"

మా ఆయన భుజం మీది తువ్వాలుతో మొహం కప్పుకున్నారు. నాకు ఏడుపు ఆగలేదు, ఆపుకోవాలని కూడా అనిపించలేదు. ఆ కుర్చీల్ని మా మావగారు పరాయివాటిగా చూస్తున్నారనే అనుకున్నాం మేము ఇన్నాళ్ళూ.

ఆయన వంటింటి వైపు తిరిగి మా అత్తగారిని పిలిచారు. "ఇదుగో, నువ్వు రా. నువ్వు కూర్చో, నేను చూడాలి."

ఆవిడ తడిచేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చి కూర్చుంది. కాళ్ళు పైకి లాక్కుని బాసింపట్టు వేసింది. మోకాళ్ళు ఎక్కడా తగల్లేదు. మా మావగారు ఎదురుగా నేల మీద గొంతుక్కూర్చుని, "అటు వాలు. ఇటు వాలు. ఊఁ, కదులు," అంటూ కింద నుంచి కాళ్ళూ అతుకులూ పరీక్షగా చూశారు. చాలాసేపు చూశారు. ఆ తర్వాత మా ఆయన వైపు చూడకుండానే అన్నారు.

"అవనిగడ్డకి కబురు పెట్టు. మిగతావీ ఇట్లాగే చేద్దాం."